అమెరికా ఓటరు మనసు మీకెలా తెలిసిందండీ?

ఎడిటర్ గారికి నమస్కారం.

2022 నవంబరు రెండో వారంలో అమెరికా మధ్యంతర ఎన్నికల మీద (అంటే అధ్యక్షుడి నాలుగేళ్ళ పదవి మధ్యలో అక్కడి పార్లమెంటుకి జరిగేవి) మీ ఎడిట్ పేజీలో వచ్చిన వ్యాసం గురించి ఇప్పుడు రాస్తున్నాను. లేటయింది, తెలుసు. జార్జియాలో మళ్ళీ పోలింగ్ ఉంది కదా, డిసెంబరు 6న అదీ అయిపోయి మొత్తం లెక్క తేలాక రాద్దామని ఆగాను. మీరు మాత్రం ఆగలేదు. మొదట ధరల మంటకి అధ్యక్షుడు బైడెన్‌కి జనం వాత పెట్టారని వేశారు, వారం తిరక్కుండానే అదే పేజీలో ట్రంప్‌కి అమెరికన్ల చెంపదెబ్బ అని ఇంకో వ్యాసం. ఎన్నిక ఒకటే, ఓటర్లూ వాళ్ళే. ఒకే రోజు ఇద్దర్నీ వాయించారా, లేకపోతే మీ డెస్క్‌లో పొద్దుటి షిఫ్టు వాళ్ళకీ రాత్రి షిఫ్టు వాళ్ళకీ మాటల్లేవా?

నేను రిటైర్డ్ టీచర్ని, సర్వీసులో ఉన్నన్నాళ్ళూ ఎలక్షన్ డ్యూటీ తప్పలేదు. ప్రిసైడింగ్ ఆఫీసరుగా రాత్రి పొద్దుపోయేదాకా కూర్చుని 17సీ ఫారం నింపినవాణ్ణి. అందులో ఎన్ని ఓట్లు పోలయ్యాయో రాసే గడి ఉంటుంది, ఎందుకు వేశారో రాసే గడి ఎక్కడా ఉండదు. మరి ఆ సంగతి మీ విశ్లేషకులకి ఎవరు చెప్తున్నారో!

లెక్కలు చూద్దాం. పార్లమెంటులో కింది సభ, అంటే ప్రతినిధుల సభ, ట్రంప్ పార్టీ రిపబ్లికన్లకి వచ్చింది, 222 కి 213. పై సభ సెనేట్ బైడెన్ పార్టీ డెమోక్రాట్లకే ఉంది, పైగా ఒక సీటు పెరిగింది. జూన్‌లో ద్రవ్యోల్బణం 9.1 శాతం, నలభై ఏళ్ళలో అంత ఎప్పుడూ లేదు. బైడెన్ పనితీరు బాగాలేదన్నవాళ్ళే సర్వేల్లో ఎక్కువ, అధ్యక్షుడి పార్టీకి మధ్యంతరంలో సీట్లు పోవడం ఎలాగూ అక్కడ మామూలే. దాంతో రెడ్ వేవ్, అంటే రిపబ్లికన్ల ప్రభంజనం వస్తుంది, డెమోక్రాట్లు కొట్టుకుపోతారు అని టీవీల వాళ్ళందరూ చెప్పారు. అది రాలేదు. సరే, రాలేదు కాబట్టి జనం బైడెన్‌ని మెచ్చుకున్నట్టా? దేశం మొత్తం మీద సభ ఓట్లు కలిపి చూస్తే రిపబ్లికన్లకే ఎక్కువొచ్చాయి. కొలరాడోలో ఒక సీటు 546 ఓట్లతో రిపబ్లికన్లకి పడింది. ఆ 546 అటూ ఇటూ అయితే అమెరికా ప్రజల అభిప్రాయం మారిపోయినట్టేనా?

మా అల్లుడు మేరీల్యాండ్‌లో ఉంటాడు, సిటిజెన్ అయ్యాడు కాబట్టి ఓటుంది. ఎలక్షన్ ముందు వాళ్ళింటికి పోస్టులో వచ్చిన శాంపిల్ బ్యాలెట్‌ని అమ్మాయి ఫోటో తీసి వాట్సాప్‌లో పంపితే ఫోన్లో పెద్దది చేసుకుని పైనుంచి కిందిదాకా చదివాను. మన ఈవీఎంలో పదహారు బటన్లు చూసే కళ్ళు తిరిగేవి, ఇదేమో కాగితం నిండా పేర్లే. గవర్నర్, సెనేటర్, కాంగ్రెస్ మెంబరు, షెరీఫ్, జడ్జీలు, స్కూల్ బోర్డు, వీలునామాలు రిజిస్టర్ చేసే ఆయన కూడా ఎన్నికైనవాడే. ఒక్కో పేరు పక్కన చిన్న గుండ్రం, దాన్ని పెన్నుతో నల్లగా నింపాలి. ఆఖర్న ప్రశ్నలు, అవునా కాదా అని. గంజాయి పెద్దవాళ్ళకి చట్టబద్ధం చేయాలా అని ఒకటి. హోవర్డ్ కౌంటీలో అనాథల కోర్టుకి (పేరు అలా ఉంది గానీ చూసేది వీలునామాల సంగతులు) ఇక మీద విడిగా జడ్జీల్ని ఎన్నుకోవాలా వద్దా అని ఇంకోటి, దానికి రాష్ట్రం మొత్తం ఓటేయాలి. ఆ కౌంటీ ఎటు ఉందో తెలియనివాళ్ళు కూడా గుండ్రం నింపి ఉంటారు. అది ఏ గాలి అంటారు మరి?

ఆ ప్రశ్నలే అసలు సంగతి, మీరు ముట్టుకోనివీ అవే. జనం ఏమనుకుంటున్నారో తెలియాలంటే వాళ్ళని ఆ విషయమే అడగాలి కదా. అక్కడ అడిగారు. కెంటకీలో ర్యాండ్ పాల్ అనే రిపబ్లికన్ సెనేటర్‌ని దాదాపు 62 శాతంతో గెలిపించారు. అదే రోజు, అదే కాగితం మీద, అబార్షన్ హక్కు మా రాజ్యాంగంలో లేదు అని రాసుకుందామా అని అడిగితే వద్దన్నారు. సౌత్ డకోటాలో రిపబ్లికన్ గవర్నర్‌ని ఘనంగా మళ్ళీ ఎన్నుకున్నారు, ఆ గవర్నరే వద్దన్న మెడికెయిడ్ విస్తరణకి, అంటే పేదవాళ్ళ వైద్యానికి, 56 శాతం మంది సై అన్నారు. నెబ్రాస్కా కూడా అంతే, గవర్నర్ రిపబ్లికనే, కనీస కూలీ మాత్రం గంటకి 9 డాలర్ల నుంచి 2026 కల్లా 15 చేయమని జనమే ఓటేసి చెప్పారు. మరి వీళ్ళని ఏ డబ్బాలో వేస్తారు మీరు? జార్జియా చూడండి, గవర్నర్‌గా బ్రయాన్ కెంప్‌కి వేసినవాళ్ళకీ అదే పార్టీ సెనేట్ అభ్యర్థి హెర్షెల్ వాకర్‌కి వేసినవాళ్ళకీ తేడా రెండు లక్షల పైచిలుకు. ఒకే పార్టీ మనిషిని ఒకణ్ణి ఎన్నుకుని ఇంకొకణ్ణి వద్దన్నారు. మనిషిని చూసి వేశారు, అంతే. ఇందులో సిద్ధాంతం వెతికితే తలనొప్పి తప్ప ఏమీ రాదు.

ఓటేయని వాళ్ళ మాటేంటి? 2020లో అధ్యక్ష ఎన్నికకి మూడింట రెండొంతుల మంది వచ్చారు. ఈసారి ఓటు హక్కున్నవాళ్ళలో సగం మంది కూడా రాలేదు. 2014 మధ్యంతరంలో అయితే నూటికి 37 మంది కూడా లేరు. వచ్చినవాళ్ళు వేరు, ఇంట్లో కూర్చున్నవాళ్ళు వేరు, రెండేళ్ళ తర్వాత మళ్ళీ వచ్చేవాళ్ళు వేరు. అందుకే 1994లో క్లింటన్ పార్టీకి యాభై పైగా సీట్లు పోయాయి, 2010లో ఒబామా పార్టీకి 63 పోయాయి, ఇక వీళ్ళ పని అయిపోయిందన్నారు, రెండేళ్ళకి ఇద్దరూ హాయిగా గెలిచారు. ఈ రెండు అంకెలు మీ లైబ్రరీలో ఉంటాయి, చూసుకునే ఓపిక ఉండాలి గానీ.

ఇక తెలుగుబిడ్డ సంగతి. హైదరాబాదులో పుట్టిన అరుణా మిల్లర్ గారు మేరీల్యాండ్ లెఫ్టినెంట్ గవర్నర్, అంటే గవర్నర్ తర్వాతి మనిషి అయ్యారు, సంతోషం, మేమూ స్వీట్లు తిన్నాం. కానీ అక్కడి తెలుగువాళ్ళే ఆమెని గెలిపించారని రాయడం ఏంటండీ? అక్కడ గవర్నర్, లెఫ్టినెంట్ గవర్నర్ జంటగా పోటీ చేస్తారు, ఇద్దరికీ కలిపి ఒకటే గుండ్రం, వెస్ మూర్‌కి వేస్తే ఈమెకీ వేసినట్టే. ఆ జంటకి దాదాపు మూడింట రెండొంతుల ఓట్లు పడ్డాయి, మనవాళ్ళు ఒక్కరూ వేయకపోయినా గెలిచేవాళ్ళు. అసలు మనవాళ్ళలో ఓటున్నది ఎంతమందికి? హెచ్1బీ ఉద్యోగ వీసా మీద ఉన్నవాళ్ళకి లేదు, గ్రీన్ కార్డు వచ్చినా లేదు, సిటిజెన్ అయితేనే. మా అమ్మాయి ఇంకా గ్రీన్ కార్డు క్యూలోనే ఉంది, ఆ కార్డుల్లో ఒక్కో దేశానికి 7 శాతం అనే రూలు పుణ్యమా అని మనవాళ్ళ వంతు ఎప్పటికి వస్తుందో దేవుడికే తెలియాలి. ఓటే లేనివాళ్ళ తీర్పుని మీరు ఫ్రంట్ పేజీలో వేశారు.

అమెరికా దాకా ఎందుకు, అదే వారంలో మా పక్కనే మునుగోడు అసెంబ్లీ ఉప ఎన్నిక అయింది. 93 శాతం పోలింగ్, టీఆర్‌ఎస్‌కి పదివేల పైచిలుకు మెజారిటీ. సాయంత్రానికల్లా ఒక చానెల్లో సంక్షేమానికి పట్టం, ఇంకో చానెల్లో ఓడినా బీజేపీదే గాలి. మునుగోడు పాత కమ్యూనిస్టుల గడ్డ, ఈసారి రెండు కమ్యూనిస్టు పార్టీలూ టీఆర్‌ఎస్‌కి మద్దతిచ్చాయి. ఆ పదివేలల్లో ఎర్రజెండా ఓట్లు ఎన్నో తీసి చూశారా ఎవరైనా? ఓటుకి ఇంత అని ఊరూరా పంచారని మీ పేపరే రోజూ రాసింది కదా, మరి రిజల్ట్ రాగానే అది సిద్ధాంతం ఎలా అయిపోయింది? దుబ్బాక ఉప ఎన్నికలో 1,079 ఓట్లతో ఫలితం బీజేపీకి పోతే సెమీఫైనల్ అన్నారు, హుజూరాబాద్ సెమీఫైనల్, మునుగోడు కూడా సెమీఫైనలే. ఎన్ని సెమీఫైనల్స్ అండీ ఒక టోర్నమెంటుకి!

మన ఓటరుకి ఉన్నది ఒక్క బటన్. పింఛన్ రాలేదన్న కోపం, రోడ్డు వేశారన్న మెప్పు, మావాడు అన్న అభిమానం, కొడుక్కి ఉద్యోగం లేదన్న దిగులు, తీసుకున్న డబ్బుకి మాట తప్పకూడదన్న భయం అన్నీ ఆ ఒక్క బటన్ మీదే నొక్కాలి. ఫార్మాసిటీ కావాలా వద్దా, ధరణి భూముల పోర్టల్ ఉంచాలా తీసేయాలా అని మనల్ని విడిగా అడిగినవాడు లేడు. కనీసం ఓటర్ల లిస్టు అయినా సరిగ్గా ఉందా అంటే, మా వీధిలో పోయినవాళ్ళ పేర్లు ఏళ్ళ తరబడి అలాగే ఉన్నాయి, బతికున్న పక్కింటాయన పేరు లేదు. ఆఫీసుకి వెళ్తే ఆన్‌లైన్‌లో పెట్టుకోండి అంటారు, ఆన్‌లైన్‌లో పెడితే బీఎల్‌ఓ, అంటే బూత్ స్థాయి ఆఫీసరు వస్తారంటారు, ఆ బీఎల్‌ఓ వచ్చింది ఆధార్ నంబరు కోసం 6బి ఫారం పట్టుకుని, పేరు సంగతి అడిగితే అది వేరే ఫారం సార్ అని వెళ్ళిపోయింది. ఇలాంటి లిస్టులోంచి వచ్చిన ఓట్లలో మీ విశ్లేషకులకి ప్రజల అంతరంగం కనిపిస్తుంది!

విశ్లేషణ రాయొద్దని అనడం లేదు. ధరలకి భయపడ్డారు, అబార్షన్ రాజ్యాంగ హక్కు కాదన్న వాళ్ళ సుప్రీంకోర్టు తీర్పుకి మండిపడ్డారు, పిచ్చి అభ్యర్థుల్ని పక్కన పెట్టారు, మూడూ కొంత కొంత నిజమే, ఒక్కో రాష్ట్రంలో ఒక్కోటి. అలా రాస్తే హెడ్డింగు కుదరదు, అదీ మీ బాధ. పూర్వం మీ పేపర్లోనే ఎన్నికలైన వారానికి నియోజకవర్గాల వారీగా పట్టిక వచ్చేది, కత్తిరించి స్టాఫ్ రూమ్ గోడకి అంటించేవాళ్ళం. ఇప్పుడు ఆ జాగాలో జిమ్ముకెళ్ళే హీరో ఫోటో. ఆదివారం అనుబంధంలో అయినా సరే, ఏ రాష్ట్రంలో ఏ ప్రశ్న అడిగారు, ఎంతమంది అవునన్నారు, ఎంతమంది కాదన్నారు అని ఒక పట్టిక వేయండి. వేయడం కుదరకపోతే ఈ ఉత్తరమైనా కత్తిరించకుండా వేయండి, పోయినసారి రాసిన దాంట్లో నమస్కారం, ఊరి పేరు తప్ప మిగతాదంతా ఎగరగొట్టారు.

ఇట్లు
ఒక రిటైర్డ్ టీచరు, నల్గొండ