చీర వద్దన్నారు, అందుకే ఈ నాలుగు మాటలు

మొన్న నా మానసిక చికిత్స చివరి సెషన్‌కు వెళ్తూ ఒక వెంకటగిరి చీర తీసుకెళ్లాను. మేడమ్ కవరు విప్పి, అంచు మీద చెయ్యి వేసి చూసి, "ఎంత బాగుందో!" అని, అలాగే మడతపెట్టి తిరిగి నా ఒళ్లో పెట్టారు. ఖరీదైన కానుకలు పుచ్చుకోవడం మా వృత్తిలో పద్ధతి కాదు టీచరుగారూ అన్నారు. అయితే పదిమందికీ చెప్పుకుంటాను అన్నాను. చెప్పండి, నా పేరు మాత్రం వద్దు అన్నారు. నేను తీసుకెళ్లిన బెల్లం అచ్చుల్లో ఒకటి తీసుకున్నారు. అది కూడా నా ముఖం చూసి.

కాబట్టి పేరు లేకుండానే రాస్తున్నాను. తిరుపతిలో బాలాజీ కాలనీ వైపు ఒక మేడ మీద చిన్న గదిలో కూర్చునే ఆ క్లినికల్ సైకాలజిస్టుకు నా నమస్కారాలు.

నేను పూతలపట్టు మండలంలో ఒక జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలలో తెలుగు చెబుతాను. కాపురం చిత్తూరులో. 2024 అక్టోబరులో ఒక వాన సాయంత్రం నలుగురం టీచర్లం ఆటోలో ఇంటికి వస్తుండగా వెనుక నుంచి టిప్పర్ గుద్దింది. నాకు కాలర్‌బోన్ విరిగింది. మా హిందీ టీచరు చనిపోయారు. అంతకు పది నిమిషాల ముందే, జల్లు కొడుతోందని నేను లోపలికి జరిగాను. ఆవిడ నా చోటుకు వచ్చారు. ఇంతకంటే ఎక్కువ ఇక్కడ చెప్పను.

ఎముక రెండు నెలల్లో అతుక్కుంది. మిగతావి అతుక్కోలేదు. తడి రోడ్డు మీద టైర్ల చప్పుడు వినిపిస్తే చేతిలో ఉన్నది జారిపోయేది. రాత్రి రెండు గంటల నిద్ర, ఆపైన గొడ్డు మెలకువ. సంక్రాంతి తరువాత బడికి వెళ్లడం మొదలుపెట్టాను, అదీ మా ఆయన బండి మీద, హైవే తగలకుండా ఊళ్ల మీదుగా చుట్టు తిరిగి. ఒకరోజు గాలికి తరగతి తలుపు ధడేలున కొట్టుకుంది. బోర్డు దగ్గర ఉన్న నేను చెవులు మూసుకుని కింద కూర్చుండిపోయాను. ఏడో తరగతి పిల్లలు ఒక్కరూ నవ్వలేదు. మరునాటి నుంచి ఆ తలుపు కింద నోటుపుస్తకం కాగితం నాలుగు మడతలు పెట్టి దోపి ఉండేది. ఎవరు పెట్టారని నేను అడగలేదు, వాళ్లూ చెప్పలేదు. కాగితం నలిగిపోతే కొత్తది వచ్చేది. ఆ పిల్లలకు నా మొదటి కృతజ్ఞత.

ఇంట్లో వాళ్లు చేయగలిగింది వాళ్లు చేశారు. మా అత్తయ్య ఉప్పు, మిరపకాయలు తిప్పి దిష్టి తీశారు. కాణిపాకం వినాయకుడికి మొక్కుకున్నారు. దర్గాకు తీసుకెళ్లి మంత్రించి తాయెత్తు కట్టించారు. ఎగతాళిగా చెప్పడం లేదు. నా తల మీద ఎవరో ఒకరు చెయ్యి వేసిన ప్రతిసారీ ఒక పూట తేలికగా ఉండేది. ఒక పూటే.

ఎవరో చెబితే ఒక కౌన్సెలర్ దగ్గరకు కూడా వెళ్లాను. ఎవరు, ఎక్కడ అన్నది అనవసరం. కూర్చోగానే "జరిగిందంతా మొదటి నుంచి చెప్పండి" అన్నారు. చెప్పాను. చెబుతున్నంత సేపూ మళ్లీ ఆటోలోనే ఉన్నాను. ఆయన మంచి ఆలోచనలు చేయమని, ధ్యానం చేయమని, పోయినవాళ్లు తిరిగి రారని చెప్పి పంపించారు. ఆ తరువాత మూడు రాత్రులు రెండు గంటల నిద్ర కూడా లేదు. కౌన్సెలింగ్ అంటే ఇదే అయితే నాకొద్దు అనుకున్నాను. అక్కడితో ఆగిపోయి ఉండేదాన్ని.

ఆపనివ్వనిది మా మేనకోడలు. "అత్తా, రాత్రి నిద్ర పట్టకపోతే ఊరికే పడుకుని ఏడవకు, 14416కు ఫోన్ చెయ్యి" అని నా ఫోనులో ఆ నంబరు వేసి పెట్టింది. టెలి మానస్ అని, మనసు బాగాలేనివాళ్ల కోసం 2022లో కేంద్ర ప్రభుత్వం మొదలుపెట్టిన సహాయ నంబరు, రాత్రీ పగలూ ఉంటుంది, డబ్బు కట్టనక్కరలేదు. ఒక రాత్రి రెండు గంటలకు వంటింట్లో లైటు వేయకుండా కూర్చుని చేశాను. అవతల ఒక అమ్మాయి, చక్కని తెలుగు. ఏం జరిగింది అని అడగలేదు. "ఇప్పుడు ఎక్కడ కూర్చున్నారు? పక్కన ఎవరైనా ఉన్నారా?" అని అడిగింది. ముందు సైకియాట్రిస్టుకు చూపించుకోమని చెప్పింది. పేరు తెలియని ఆ అమ్మాయికి రెండో కృతజ్ఞత.

సైకియాట్రిస్టు పావుగంటలో నా అవస్థకు పేరు చెప్పారు. పి.టి.ఎస్.డి., అంటే పోస్ట్ ట్రామాటిక్ స్ట్రెస్ డిజార్డర్. ఘోరమైనది చూసిన తరువాత కొన్నాళ్లు ఎవరికైనా ఇలా ఉంటుందట. నెల దాటినా తగ్గక, పనికీ బతుకుకూ అడ్డం పడుతుంటే అప్పుడు ఈ పేరు పెడతారట. నిద్రకూ ఆందోళనకూ మందులు రాసి, మందులతో పాటు థెరపీ కూడా కావాలని తిరుపతి చిరునామా ఇచ్చారు.

ఇక చిత్తూరు నుంచి తిరుపతికి వెళ్లడం ఎలా? బస్సు ఎక్కలేను, కారు ఎక్కలేను. రైలు ఎక్కాను. పూతలపట్టు, పాకాల, చంద్రగిరి మీదుగా. స్టేషన్ నుంచి ఆటో కూడా ఎక్కలేక నేనూ మా ఆయనా నడిచేవాళ్లం. ఆ ఎండలో నా పక్కన నడుస్తూ ఆయన ఒక్క ఆదివారం కూడా "ఇంకెన్నాళ్లు" అనలేదు. (వేరే విషయాల్లో అంటారు లెండి.)

మొదటి రోజు నేను ఊహించినదేదీ జరగలేదు. పడుకోబెట్టే సోఫా లేదు. రెండు కుర్చీలు, ఎదురెదురుగా కాకుండా కాస్త ఓరగా. ఇద్దరికీ కనిపించేలా గోడ గడియారం. స్టీలు గ్లాసులో నీళ్లు. కిటికీలోంచి శేషాచలం కొండ అంచు. మేడమ్ ముందు నియమాలు చెప్పారు. సెషన్ 50 నిమిషాలు. రాలేకపోతే ఒకరోజు ముందు చెప్పాలి. ఇక్కడ చెప్పింది బయటికి వెళ్లదు. అయితే నా ప్రాణానికో మరొకరి ప్రాణానికో ముప్పు ఉందనిపించినా, పసిపిల్లలకు హాని జరుగుతోందని తెలిసినా, కోర్టు అడిగినా ఆ మాట వర్తించదు. రాత్రివేళ ఆవిడ ఫోను ఎత్తరు, అప్పుడు ఎవరికి చేయాలో ఒక కాగితం మీద రాసి ఇచ్చారు. ఇవన్నీ విని ఇదేం బ్యాంకు లెక్కలా ఉందే అనుకున్నాను. తరువాత అర్థమైంది, ఆ గోడలు ఉన్నందువల్లే ఆ గదిలో కూర్చోగలిగానని. ఒకసారి వరండాలో మా ఆయన "మా ఆవిడ ఎలా ఉందండీ?" అని అడిగితే "ఆవిడనే అడగండి" అని నవ్వి లోపలికి వెళ్లిపోయారు. దారంతా ఆయన ముఖం ముడుచుకునే నడిచారు. నాకు మాత్రం ఆ రోజే మేడమ్ మీద పూర్తి నమ్మకం కుదిరింది.

తరువాత ఇరవై ప్రశ్నల కాగితం ఇచ్చారు. గత నెలలో పీడకలలు ఎంతగా బాధించాయి, ఉలికిపాటు ఎంత అని ఒక్కో ప్రశ్నకు సున్నా నుంచి నాలుగు దాకా మనమే వేసుకోవాలి. నాకు 80కి 57 వచ్చాయి. జీవితమంతా పిల్లలకు మార్కులు వేసినదాన్ని, తక్కువ వస్తే బాగుండునని కోరుకోవడం అదే మొదలు.

జరిగింది చెప్పమని ఆవిడ అడగలేదు. అదే నాకు వింత. రెండో వారమూ అడగలేదు. నేనే ఉండబట్టలేక మొదలుపెడితే, "ఇప్పుడే వద్దు, ముందు తిరిగి రావడం నేర్చుకుందాం" అన్నారు. లోపలికి వెళ్లడం కాదు, తిరిగి రావడం! గదిలో కనిపించేవి ఐదు, తాకగలిగేవి నాలుగు, వినిపించేవి మూడు, వాసనలు రెండు, రుచి ఒకటి. ఇలా చెప్పించేవారు. ఊపిరి నెమ్మదిగా వదలడం నేర్పారు. మనసుకు నెమ్మదిగా ఉండే చోటు ఒకటి తలచుకోమంటే, చిన్నప్పుడు మా అమ్మమ్మ ఊళ్లో గానుగ దగ్గర బెల్లం వండే పాక గుర్తొచ్చింది. ఆ ఆవిరి, చెరకు పిప్పి మంట, మోదుగాకులో వేడి పాకం. ఎప్పుడు గుండె దడదడలాడినా ముందు అక్కడికి వెళ్లి నిలబడమన్నారు. ఐదు వారాలు ఇంతే. దీనికా వెయ్యి రూపాయలు అని ఒకసారి అనిపించింది, అబద్ధమెందుకు. ఒక ఆదివారమైతే ఇరవై నిమిషాలు ఏమీ మాట్లాడలేదు, ఇద్దరం కొండ చూస్తూ కూర్చున్నాం. దానికీ ఫీజు ఇచ్చాను. ఇప్పుడు లెక్క చూసుకుంటే ఆ ఇరవై నిమిషాలే చవక అనిపిస్తుంది.

ఆరో వారం నుంచి ఇ.ఎం.డి.ఆర్. మొదలుపెట్టారు. కళ్లు కదిలిస్తూ చేదు జ్ఞాపకం పదును తగ్గించే చికిత్స అది. 1987 ప్రాంతంలో ఫ్రాన్సీన్ షపీరో అనే అమెరికన్ సైకాలజిస్టు దీనికి శ్రీకారం చుట్టారట. 2013లో ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా సిఫారసు చేసిన పద్ధతుల్లో ఇది ఒకటి. చూడటానికి గారడీలా ఉంటుంది. అన్నిటికంటే బాధించే దృశ్యాన్ని మనసులో పెట్టుకుని, అటూ ఇటూ కదిలే ఆవిడ రెండు వేళ్లను కళ్లతో అనుసరించాలి. ఓ అర నిమిషం. ఆపి, "ఇప్పుడేం వచ్చింది?" అంటారు. ఏది వస్తే అది చెప్పాలి. మళ్లీ వేళ్లు. కళ్ల కదలికే పని చేస్తుందా, మిగతా భాగమా అన్నదానిపై పరిశోధకుల్లో వాదన ఉందని కూడా ఆవిడే చెప్పారు. గొప్పలు చెప్పకపోవడం నాకు నచ్చింది.

నా దృశ్యం ఒక గొడుగు. తారు రోడ్డు మీద వెల్లకిలా పడి, గిన్నెలా వాన నీళ్లు పట్టుకుంటున్న మా హిందీ టీచరు గొడుగు. దానితో పాటు ఒక వాక్యం: "ఆమెను చంపింది నేనే." బాధ ఎంత అంటే పదికి పది. వేళ్లు కదిలాయి. ఏవేవో వచ్చాయి. దిద్దని పరీక్ష పేపర్లు, ఆవిడ టిఫిన్ డబ్బాలో నిమ్మకాయ పులిహోర వాసన, నా పాత చెప్పులు. పొంతన లేదు. అయినా ఆవిడ ఏదీ విడమరచలేదు, "దానితోనే ఉండండి" అనేవారు. మూడో వారమో నాలుగో వారమో, వేళ్లు ఆగిన క్షణాన ఒక గొంతు వినిపించింది. "మీరు లోపలికి జరగండి మేడమ్, నాకు జల్లంటే ఇష్టం." మా హిందీ టీచరు గొంతు. నేను అడగలేదు. ఆవిడే జరగమన్నారు, నవ్వుతూ. ఇన్ని నెలలుగా నా జ్ఞాపకంలో ఆ మాట లేదు. నేనే కల్పించుకున్నానేమో అన్న అనుమానంతో ఆ ఆటోలో ముందు కూర్చున్న మా లెక్కల మాస్టారిని అడిగాను. ఆయనకూ గుర్తుంది.

ఆ తరువాత రెండు రోజులు జ్వరం వచ్చినట్టు ఒళ్లు పులిసిపోయింది, ఎందుకో తెలియకుండా ఏడుస్తూనే ఉన్నాను. ఇలా ఉంటుందని ముందే చెప్పారు కాబట్టి బెదరలేదు. ఇది మీకూ చెబుతున్నాను: మధ్యలో బాధ పెరుగుతుంది. పెరిగిందని మానేయకండి, వెళ్లి ఆ మాటే వాళ్లతో చెప్పండి.

ఎన్నాళ్లు పట్టింది, ఎంతయింది అని ఇన్‌బాక్సులో అడిగినవారికి క్లుప్తంగా. నావి మొత్తం 17 సెషన్లు, ఏడు నెలలు. మామూలు సెషన్‌కు వెయ్యి, ఇ.ఎం.డి.ఆర్. రోజు గంటన్నర పట్టేది, 1,500. చీటీ పాడి కట్టాం. అంత కట్టలేనివారికి తిరుపతి రుయా ఆసుపత్రిలో మానసిక వైద్య విభాగం ఉంది. బోర్డు పెట్టుకున్న అందరి చదువూ ఒకటి కాదు. క్లినికల్ సైకాలజిస్టు అయితే భారత పునరావాస మండలి రిజిస్ట్రేషన్ ఉందా అని మొహమాటపడకుండా అడగండి. నేను అడిగితే ఆవిడ సర్టిఫికెట్ తీసి చూపించారు, కోపం రాలేదు. అందరికీ ఇదే పద్ధతి పడుతుందని కాదు, నాకు పడింది.

చివరి రోజు ఇరవై ప్రశ్నల కాగితం మళ్లీ ఇచ్చారు. 16. సున్నా కాదు. ఎప్పటికీ కాకపోవచ్చని ఆవిడా అన్నారు, నేనూ ఒప్పుకున్నాను.

ఆ రోజు మా ఆయనను రావద్దన్నాను. మధ్యాహ్నం తిరుపతి బస్టాండులో చిత్తూరు బస్సు ఎక్కాను. కండక్టరు ఆధార్ కార్డు చూసి, స్త్రీ శక్తి పథకం కింద సున్నా రూపాయల టికెట్ కొట్టిచ్చాడు. పదకొండు నెలల తరువాత బస్సెక్కితే చార్జీ కూడా లేదు! చంద్రగిరి దాటాక మబ్బు పట్టింది. పూతలపట్టు దగ్గర వాన అందుకుంది. పక్క నుంచి లారీ వెళ్లింది, అదే తడి చప్పుడు. భుజాలు బిగుసుకున్నాయి. పాదాలు నేలకు ఆనించి వెతుక్కున్నాను: ముందు సీటు చిరిగిన రెక్సిన్, ఎవరో తింటున్న వేరుశనగకాయల వాసన, ఒళ్లో చీర కవరు.

కిటికీ పక్కన కూర్చున్న కాలేజీ అమ్మాయి నా వైపు తిరిగింది. "ఆంటీ, జల్లు కొడుతోంది, అద్దం పడటం లేదు. మీరు కాస్త ఇటు వస్తారా?"

ఒక్క నిమిషం పట్టింది. లేచి కిటికీ వైపు కూర్చున్నాను. చిత్తూరు చేరేసరికి కుడి చెయ్యి మోచేతి దాకా తడిసింది. చీర కవరు మాత్రం తడవనివ్వలేదు.