ఆ ఫొటోలో పాదాలు లేవు

సంపాదకులకు నమస్కారం.

పక్షవాతం వచ్చినవాళ్లను రోబో నడిపిస్తోందంటూ గత ఆదివారం మీ ఆరోగ్యం పేజీలో వచ్చిన వ్యాసం రెండుసార్లు చదివాను. దాంతో వేసిన ఫొటోను ఇంకా ఎక్కువసేపు చూశాను. పైనుంచి తాళ్లకు వేలాడుతున్న మనిషి, నడుముకు పట్టీలు, తొడలకు లోహపు చట్రం, ముఖాన నవ్వు. మోకాళ్ల దగ్గరే ఫొటో అయిపోయింది. ముప్పై నాలుగేళ్లు కాలితో మిషను తొక్కి బట్టలు కుట్టినవాణ్ణి కాబట్టి నా చూపు ముందు కిందికే పోతుంది. ఆ చట్రంలో నేనూ నడిచాను. అందుకే ఈ ఉత్తరం.

రెండేళ్ల కిందట ఒక తెల్లవారుజామున నా ఎడమ కాలూ చెయ్యీ పడిపోయాయి. మెదడులో కుడివైపు రక్తనాళం మూసుకుపోయిందన్నారు. మాట పోలేదు. కుడి చెయ్యి మిగిలింది, ఈ ఉత్తరం రాస్తున్నది దాంతోనే. మూడు వారాలకు మంచం మీద కూర్చోగలిగాను గానీ నిలబెడితే ఎడమ మోకాలు మడత కుర్చీలా ముడుచుకుపోయేది. ఇద్దరు చెరోవైపు పట్టుకుంటే, ఇంకొకరు నేలమీద కూర్చుని నా కాలు ఎత్తి ముందు పెడితే, నాలుగడుగులు. ఆ నాలుగింటికే నా వెనక ముగ్గురు అలసిపోయేవారు.

ఆ దశలో నన్ను యంత్రం ఎక్కించారు. అది నాకు మేలే చేసింది, ఆ మాట ముందే చెప్పేయాలి. ఎక్కించేముందు టేపు తీశారు. తుంటి నుంచి మోకాలి దాకా, మోకాలి నుంచి మడమ దాకా కొలిచి చట్రాన్ని సరిచేయాలి. యంత్రం కీలూ మనిషి కీలూ ఒక్కచోటే మడవాలి గదా. కొలిచిన కుర్రాడు టేపును తొడ కండ మీదుగా వంపు తిప్పి కొలిచాడు. అరంగుళం ఎక్కువొస్తుంది బాబూ అన్నాను. నవ్వి ఊరుకున్నాడు. సాయంత్రానికి మోకాలి కింద పట్టీ ఒరుసుకుని తోలు లేచింది. మర్నాడు మళ్లీ కొలిస్తే తేడా అరంగుళమే. అప్పట్నుంచీ టేపు ఎక్కడ పట్టాలో నన్నే అడిగేవాడు.

నడుముకు హార్నెస్, అంటే మనిషిని మోసే పట్టీల జోడు, కట్టి పైకి లాగితే నా బరువులో కొంత తాళ్లు మోశాయి. కింద ట్రెడ్‌మిల్ బెల్టు కదిలింది. తుంటి దగ్గరా మోకాలి దగ్గరా ఉన్న మోటార్లు నా కాలిని ఎత్తి దించాయి. పడిపోతానన్న భయం లేకుండా నిటారుగా నిలబడి ఎదుటివాడి ముఖంలోకి చూడటం, మూడు వారాల తర్వాత! ఏడుపొచ్చింది. అరగంట అయ్యాక తెర మీద అడుగుల లెక్క చూపించారు, ఆరువందల పైచిలుకు. మామూలు ఫిజియోథెరపీలో నడక నేర్పే ఒక పూటకు రోగి వేసే అడుగులు సగటున 357 అని 2009లో అచ్చయిన ఒక పరిశీలన లెక్కగట్టింది. పడిపోయిన చేతికైతే పూటకు 32 సార్లే పని పడిందట. మెదడు పోగొట్టుకున్న పనిని మళ్లీ పట్టుకోవాలంటే ఆ పని వందలసార్లు, వేలసార్లు జరగాలి. అలా జరిపించేంత నడుం బలం ఏ ఫిజియోథెరపిస్టుకూ ఉండదు. యంత్రానికి ఉంటుంది. మీ వ్యాసంలో ఇంతవరకూ ఒప్పే.

తర్వాతి సంగతి అందులో లేదు. రెండు నెలలు దాటాక నేను చేతికర్రతో గది ఈ చివర నుంచి ఆ చివరకు వెళ్లగలిగాను. అయినా నన్ను అదే చట్రంలో, అదే అమరికలో ఎక్కిస్తూ వచ్చారు. పైగా యంత్రం ఉంది కదా అని నేలమీద నడిపించడం తగ్గించేశారు. ఒక మధ్యాహ్నం ఏమైందంటే, నడుస్తూ నడుస్తూ నిద్రపోయాను. అబద్ధం కాదు. తల వాలిపోయింది, గురక కూడా వచ్చిందని పక్క యంత్రంలో ఉన్నాయన తర్వాత చెప్పాడు. తెర మీద మాత్రం నా అడుగులు పన్నెండు వందలు దాటాయి. కాలు ఎక్కడా తడబడలేదు. ఎందుకు తడబడుతుంది, నడిచింది నేనైతే గదా!

ఆ నెలలోనే కొత్తగా చేరిన ఫిజియోథెరపిస్టు అమ్మాయి ఒక మీట చూపించింది. కాలిని యంత్రం ఎంత బలంతో నడిపించాలో దాంతో నిర్ణయిస్తారు. నాది మొదటి రోజు నుంచీ నూటికి నూరు మీదే ఉంది. “అంకుల్, ఇది తగ్గిస్తే మీరే లాగాలి, సరేనా?” అని సగానికి తెచ్చింది. నాలుగో నిమిషానికి చొక్కా తడిసింది. ఎడమ కాలు వెనకబడి, చట్రానికి తగిలి, నానా తంటాలు పడింది. ఆ రోజు అడుగులు మూడువందలు కూడా లేవు. కానీ ఆ రాత్రి తొడ నొప్పి పుట్టింది, పడిపోయాక మొదటిసారి. కుట్టుపని నేర్చుకున్న మొదటి వారంలో పుట్టిన నొప్పి అలాంటిదే.

మా పెద్దమ్మాయి కాలేజీలో గణాంకశాస్త్రం చెబుతుంది. నా నిద్ర సంగతి విని నవ్వకుండా, కూర్చుని ఇంగ్లిషు పరిశోధనలు చదివి నాకు విడమరిచి చెప్పింది. ఈ వైద్యానికి మూలం పిల్లులట. వెన్నుపాము తెగిన పిల్లిని కదిలే బెల్టు మీద బరువు ఆపి నిలబెడితే, నేర్పగా నేర్పగా వెనక కాళ్లు వాటంతటవే అడుగులు వేశాయి. కెనడాలో మాంట్రియల్ శాస్త్రవేత్తలు 1987లో అచ్చు వేసిన పని అది. అక్కడే 1998లో వందమంది పక్షవాతం రోగులతో పరీక్షించారు. సగంమందికి 40 శాతం వరకూ బరువు తాళ్లకు అప్పగించి, నడక కుదురుకునే కొద్దీ ఆ సాయం తగ్గించుకుంటూ వచ్చారు. మిగతావాళ్లు మొత్తం బరువు తామే మోస్తూ నడిచారు. తాళ్ల సాయం అందినవాళ్ల నడకే మెరుగైంది. “తగ్గించుకుంటూ రావడం అందులో భాగం నాన్నా, నీకు ఆ సగం ఎవరూ చెయ్యలేదు” అంది.

ఇక రోబో లెక్క. వైద్య పరీక్షల ఫలితాలను కలిపి తూచి చూసే కాక్రేన్ సంస్థ 2020లో 62 పరీక్షలు, 2,440 మంది వివరాలు కలిపి చూసింది. ఫిజియోథెరపీతో పాటు యంత్రం వాడినవాళ్లలో ఎవరి సాయమూ లేకుండా నడవగలిగేవాళ్ల సంఖ్య పెరిగింది. ఎక్కువ లాభం మొదటి మూడు నెలల్లో ఉన్నవాళ్లకూ, అసలు నడవలేనివాళ్లకూ కనిపించింది. ‘ఫిజియోథెరపీతో పాటు’ అన్న మాట కింద గీత గీసి చదవాలి. దానికి బదులుగా కాదు. అప్పటికే నడవగలిగే 48 మందితో 2008లో జరిగిన పరీక్షలో, ట్రెడ్‌మిల్ మీద ఫిజియోథెరపిస్టు చేతి సాయంతో నడిచినవాళ్ల వేగం రోబోలో నడిచినవాళ్లకంటే ఎక్కువ పెరిగింది. మూడో నెలకే కర్రతో నడుస్తున్న నేను ఈ నడవగలిగేవాళ్ల వైపు మనిషిని, నన్ను మాత్రం అసలు నడవలేనివాళ్ల వైపు నిలబెట్టారు.

ట్రెడ్‌మిల్ కూడా మంత్రదండం కాదు. 2011లో 408 మందితో అమెరికాలో పెద్ద పరీక్ష జరిగింది. కొందరికి హార్నెస్‌తో ట్రెడ్‌మిల్, కొందరికి ఇంటి దగ్గరే ఫిజియోథెరపిస్టు వచ్చి చేయించే బలం పెంచే, తూలకుండా నిలబెట్టే వ్యాయామాలు. ఏడాది తిరిగేసరికి మొత్తం మీద 52 శాతం మంది నడక ఒక మెట్టు పైకెక్కింది, రెండు పద్ధతుల మధ్య చెప్పుకోదగ్గ తేడా లేదు. ఇంటి దగ్గర చేసినవాళ్లేమీ వెనకబడలేదు. యంత్రం దొరకలేదని కుమిలిపోతున్న కుటుంబాలకు మీ వ్యాసం ఈ ఒక్క ముక్క చెప్పి ఉంటే ఎంతమందికి గుండె కుదుటపడేదో!

పాదాల సంగతికి వస్తాను. నేను ఎక్కిన యంత్రంలో తుంటికీ మోకాలికే మోటార్లు. చీలమండకు లేదు. కాలి వేళ్లు నేలకు తగలకుండా పాదాన్ని పట్టీతో పైకి కట్టేస్తారు. పక్షవాతంలో పాదం వాలిపోయి, వేళ్లు నేలకు రాసుకుని మనిషి బోర్లా పడటం ఎంత మామూలో నాలాంటివాళ్లను అడగండి. సరిగ్గా ఆ పాదాన్నే ఎత్తే కండ, ఆ పట్టీలో ఉన్నంతసేపూ సెలవు తీసుకుంటుంది.

కాలి మిషను అలా కాదు. మడమ ఒకసారి, వేళ్లు ఒకసారి, చీలమండే దాని ప్రాణం. పాదం అదను తప్పిందంటే చక్రం వెనక్కి తిరుగుతుంది, దారం పుటుక్కున తెగుతుంది. తప్పు ఎవరిదో అప్పటికప్పుడే తెలిసిపోతుంది. రోబో నా తప్పులన్నీ కప్పిపెట్టింది, నా కాలు పొరపాటు చేయడానికి వీల్లేకుండా చేసింది. ఫిజియోథెరపిస్టు అమ్మాయికి ఈ మాట చెప్తే కాసేపు ఆలోచించి, “అయితే ఇంట్లో మిషను ఉందా?” అంది. సూది తీసేసి, బెల్టు వదులు చేసి, ఎడమ పాదం ఒక్కటే పెడలు మీద పెట్టి రోజూ ఇరవై నిమిషాలు తొక్కమంది. మొదటి పది రోజులు చక్రం ముందుకు రెండు చుట్లు, వెనక్కి మూడు. దీంతోనే నయమైందని నేననను. పక్కనే కర్రతో నేలమీద నడక, మెట్లు, ట్రెడ్‌మిల్ అన్నీ సాగాయి. పది మీటర్లకు అప్పట్లో ఇరవై ఆరు సెకన్లు పట్టేది, ఇప్పుడు పదిహేడు. చెయ్యి మాత్రం ఇంకా మాట వినడం లేదు. దానికీ రోబో పెట్టిద్దామా అని మా అబ్బాయి అడిగాడు. 770 మందితో చేసి 2019లో ప్రకటించిన పరీక్షలో, మామూలు వైద్యంతో పోలిస్తే చేతి పనితీరు అదనంగా మెరుగుపడలేదని మా అమ్మాయి వాడికి చెప్పింది.

నా విన్నపం చిన్నది. ఈ విషయం మీద మళ్లీ రాస్తే, యంత్రం ముందు నిలబడ్డ కుటుంబం ఏం అడగాలో రాయండి. కాలిని నడిపించే బలం ఈ రోజు ఎంత పెట్టారు, పోయిన వారం ఎంత ఉంది? తాళ్లు ఎంత బరువు మోస్తున్నాయి? దిగాక నేలమీద ఎంతసేపు నడిపిస్తారు? నన్ను చేర్పించిన రోజు మావాళ్లు అడిగింది రోజుకు ఎన్ని అడుగులని ఒక్కటే. తెర మీద ఆ అంకె చూసి అందరం సంతోషించాం.

ఫొటో వేస్తే, దయచేసి పాదాలు కనిపించేలా వేయండి.

ఇట్లు,
ఒక దర్జీ
(నా పేరు ప్రచురించవద్దని మనవి)