ఉన్న ఫైబర్‌నే వాడుకుంటే సరిపోదు

సంపాదకులకు,

అనంతపురం, కర్నూలు, కడపల్లో కాలేజీలైనా ఆసుపత్రులైనా సర్వర్ గదిలో స్విచ్‌లు మార్చేటప్పుడు టెండరు కాగితం ఒకే తీరుగా ఉంటుంది. స్విచ్ గురించి రెండు పేజీలు, వెలుగుతో డేటా మోసే గాజు తీగ గురించి ‘ఉన్న ఫైబర్‌నే వాడుకోవాలి’ అని ఒక్క ముక్క. తర్వాత వచ్చే గొడవంతా ఆ ఒక్క ముక్కలోనే ఉంది.

ఉన్న ఫైబర్ ఏ రకం? రంగు చూసి చెప్పేయకూడదు. నారింజ తొడుగైతే ఓఎం1 కావచ్చు, ఓఎం2 కావచ్చు (ఓఎం అంటే మల్టీమోడ్ ఫైబర్ రకాలు). దాని మీద 62.5/125 అని ఉందో, 50/125 అని ఉందో టార్చి వేసి చదవాలి. మొదటి అంకె వెలుగు నడిచే లోపలి కోర్ వెడల్పు, రెండోది దాని చుట్టూ ఉన్న గాజుతో కలిపి, మైక్రాన్లలో. 1జి (సెకనుకు 1 గిగాబిట్ వేగం) నడిచినన్నాళ్లూ ఓఎం1 మీద 200 మీటర్లు కూడా ఇబ్బంది లేకుండా పోయేది కాబట్టి ఎవరూ పట్టించుకోలేదు. అదే తీగకు 10జి ఎస్ఆర్ మాడ్యూల్ (స్విచ్‌లో గుచ్చే, తక్కువ దూరాలకు వెలుగు పంపి అందుకునే పరికరం) పెడితే ఓఎం1 మీద 33 మీటర్లే. ఓఎం2 మీద 82, ఓఎం3 మీద 300, ఓఎం4 మీద 400. దారిలో రెండు రకాలు కలిస్తే, లెక్క తక్కువ రకానిదే.

పాత 62.5 నారింజ తీగకు 50 కోర్ ఉన్న కొత్త నీలిపచ్చ ప్యాచ్ కార్డు (స్విచ్‌కు కలిపే పొట్టి తీగ) తగిలించడం అన్నిచోట్లా చూసే పని. 50 నుంచి 62.5లోకి వెలుగు సుఖంగా వెళ్తుంది. తిరుగు దారిలో గంగాళంలో నీళ్లు చెంబులోకి వంపినట్టే, కొంత బయటికి పోతుంది. ఆ ఒక్క అతుకు దగ్గరే 2 డీబీ (డెసిబెల్, వెలుగు నష్టానికి కొలత) పైగా పోవచ్చు. ఓఎం3 మీద 10జి ఎస్ఆర్‌కు దారి మొత్తానికీ ఇచ్చిన నష్టమే 2.6 డీబీ. అందుకే ఒక చివర అంతా బాగుంటుంది, రెండో చివర సీఆర్‌సీ తప్పులు (చెడిపోయి అందిన డేటా లెక్క) పెరుగుతుంటాయి. పచ్చ దీపం మాత్రం రెండువైపులా వెలుగుతూనే ఉంటుంది! దీపాన్ని నమ్మకుండా రెండు చివర్లా మాడ్యూల్ అందుకుంటున్న వెలుగు ఎన్ని డీబీఎం (1 మిల్లీవాట్‌తో పోల్చి డీబీల్లో చెప్పే వెలుగు బలం) ఉందో స్విచ్‌లోనే చూడాలి. ఎస్ఆర్‌కు మైనస్ 9.9 దగ్గరికి వచ్చిందంటే అంచున ఉన్నట్టే. సన్న కోర్ ఉండే పసుపు రంగు సింగిల్ మోడ్‌ను మల్టీమోడ్‌తో కలిపితే చెప్పనక్కర్లేదు, 9 మైక్రాన్ల కోర్‌లోకి తిరుగు వెలుగు దాదాపు దూరదు.

వెలుగు చక్కగా చేరుతున్నా లింకు లేవకపోతే వేగం చూడాలి. ఒక చివర 1జి ఎస్ఎక్స్ మాడ్యూల్, మరో చివర 10జి ఎస్ఆర్ పెడితే రెండింటి వెలుగు తరంగదైర్ఘ్యమూ 850 నానోమీటర్లే, కానీ ఒకదాని మాట ఒకదానికి తెలియదు. ఫైబర్ మీద ఆ రెండూ వేగం బేరమాడుకోవు. 25జిలో ఒకవైపు ఎఫ్ఈసీ (దారిలో వచ్చిన తప్పులను సరిదిద్దే పద్ధతి) ఉండి రెండోవైపు లేకున్నా ఇదే గతి.

లింకులన్నీ లేచాక బయటపడే తప్పు మరొకటి. సర్వర్లు కలిసే ఒక లీఫ్ స్విచ్‌కు రెండు అప్‌లింకులు (పైస్థాయి స్విచ్‌లకు వెళ్లే దారులు), ఒకటి 100జి, ఒకటి పాతదే కదా అని ఉంచేసిన 40జి. సమాన ఖర్చు (దారిని ఎంచడానికి స్విచ్ వాడే అంకె) దారులుగా ఉంటే స్విచ్ ట్రాఫిక్‌ను చెరిసగం పంచుతుంది, వెడల్పు చూడదు. మొత్తం 80జి దగ్గరే 40జి దారి నిండి ప్యాకెట్లు రాలిపోతాయి, పక్కదానిలో 60జి ఖాళీగా పడి ఉంటుంది. 140 కొని 80 వాడుకున్నట్టు. దారులు ఎంచే ఓఎస్‌పీఎఫ్ పద్ధతిలో రిఫరెన్స్ బ్యాండ్‌విడ్త్ (ఖర్చు లెక్కకు ఆధారమయ్యే వేగం) పాత 100 మెగాబిట్ల మీదే వదిలేస్తే 1జి, 10జి, 100జి మూడింటి ఖర్చూ 1 అవుతుంది. అత్యవసరానికని ఉంచిన 1జి తీగ మీదికి సగం ట్రాఫిక్ ఎక్కేది అందుకే. అన్ని స్విచ్‌లలోనూ ఆ విలువను ఒకేలా పెంచాలి, ఒక్కదానిలో మారిస్తే ఇంకో తంటా.

మన వేసవి గాలికి దుమ్ము సంగతి వేరే చెప్పాలా? ప్యాచ్ కార్డు మూత తీసిన ప్రతిసారీ క్లీనర్‌తో కొన తుడిచే పెట్టాలి.

కొత్తగా లాగేది ఏదైనా ఓఎస్2 సింగిల్ మోడే లాగాలన్నది మా అభిప్రాయం. మాడ్యూల్ ధర కాస్త ఎక్కువే. కానీ రేపు 100జికి వెళ్లినా తీగ మార్చే పనుండదు. టెండరులో ప్రతి లింకుకూ ఫైబర్ రకం, పొడవు, వేగం, రెండు చివరల మాడ్యూల్ పేరు రాయించాలి. పని ముగిశాక రెండు దిక్కులా కొలిచిన డీబీ నష్టం చేతికి రాకుండా బిల్లు పాస్ చేయకూడదు. ఆ కాగితం నకలొకటి ర్యాక్ తలుపు లోపలివైపు అంటించి ఉండాలి.

ఇట్లు,
నెట్‌వర్క్ ఇంజినీర్లు, అనంతపురం