ఫిర్యాదు: 1966 మస్టాంగ్‌కు మీరు పంపిన డిస్క్ బ్రేక్ కిట్ గురించి

నోవై, మిషిగన్

కస్టమర్ కేర్ మేనేజర్ గారికి,

విషయం: ముందు డిస్క్ బ్రేక్ కిట్‌లో తప్పు మాస్టర్ సిలిండర్ రావడం, బ్రేక్ హోసుల మీద ముద్రలు లేకపోవడం, వారంటీ వర్తించదనడం.

నమస్కారం. ఈ ఫిర్యాదు ఇంగ్లిషులో ఇప్పటికే మీ దగ్గర ఉంది. వచ్చిన జవాబులు చూస్తే దాన్ని ఎవరూ చివరిదాకా చదవలేదని తెలుస్తోంది. మొన్న ఫోన్లో దొరికిన మీ హైదరాబాద్ సెంటర్ అమ్మాయి, "సార్, మా మేనేజర్ గారు తెలుగువారే. జరిగిందంతా తెలుగులోనే వివరంగా రాసి పంపండి, నేను ఆయనకు ఇస్తాను" అంది. అందుకే ఈ ఉత్తరం. ఆ అమ్మాయి మీద నాకు ఏ ఫిర్యాదూ లేదు. మీ విభాగాలన్నీ తిరిగాక నా మాట పూర్తిగా విన్నది ఆమె ఒక్కతే.

నా బండి 1966 ఫోర్డ్ మస్టాంగ్ హార్డ్‌టాప్. కంపెనీ వేసిన గుర్తింపు నంబరు (విన్) 6ఎఫ్07సీతో మొదలవుతుంది. 6 అంటే 1966, ఎఫ్ అంటే డియర్‌బోర్న్ ప్లాంటు, 07 అంటే హార్డ్‌టాప్, సీ అంటే రెండు బ్యారెళ్ల కార్బురేటర్ ఉన్న 289 క్యూబిక్ అంగుళాల వీ8 (ఎనిమిది సిలిండర్ల) ఇంజను. ఇంత వివరంగా ఎందుకంటే, మీవాళ్ల మొదటి జవాబు "మీ కారుకు సరిపడని కిట్ కొని ఉంటారు" అని. సిక్స్ సిలిండర్ మస్టాంగ్ చక్రానికి నాలుగు బోల్టులు, వీ8కి ఐదు. ముందు చక్రాలు తిరిగే ఇరుసులు, అంటే స్పిండిళ్లు కూడా వేరు. నేను ఆర్డర్ చేసింది వీ8 స్పిండిల్ కిట్టే, మీ పెట్టె మీద ఉన్నదీ అదే, రోటర్లు (ప్యాడ్లు పట్టే డిస్కులు), బ్రాకెట్లు అన్నీ చక్కగా కూర్చున్నాయి కూడా. కిట్ ఎంచుకోవడంలో పొరపాటేమీ జరగలేదు.

నంబరు సంగతి వచ్చింది కాబట్టి ఇంకో మాట. మీ వారంటీ ఫారంలో కారు నంబరు 17 అక్షరాలు ఉంటే తప్ప ముందుకు పోదు. 17 అక్షరాల పద్ధతి వచ్చింది 1981 మోడళ్ల నుంచి. నా కారు నంబరు 11 అక్షరాలే. అరవైల నాటి కార్లకు సామాన్లు అమ్మడమే వ్యాపారంగా పెట్టుకున్న కంపెనీ ఫారంలో ఆ కార్ల నంబర్లే పట్టకపోతే ఎలా? చాట్‌లో అడిగితే, చివర సున్నాలు పెట్టి నింపమన్నారు. నింపాను. "మీరిచ్చిన నంబరుతో ఏ కారూ లేదు" అని ఫారం తిరిగొచ్చింది.

సరే, అసలు విషయానికి వస్తాను.

1966 మస్టాంగ్‌లో నాలుగు చక్రాల బ్రేకులకూ కలిపి, పెడల్ తొక్కితే బ్రేక్ ఆయిల్‌ను తోసే మాస్టర్ సిలిండర్‌లో ఒకటే గది. ఎక్కడ ఒక్క హోసు పగిలినా, ఒక్క పైపు తుప్పుకు చిల్లుపడినా పెడల్ నేలకు తగులుతుంది, నాలుగు బ్రేకులూ పోతాయి. 1967 మోడల్ నుంచి ఫోర్డ్ రెండు గదుల సిలిండర్ పెట్టింది. 1968 జనవరి నుంచి రెండు వేరువేరు సర్క్యూట్లు ఉండాలని ఫెడరల్ రూలే వచ్చింది. రెండు గదుల సిలిండర్‌తో వచ్చే మీ కిట్ నేను కొన్నది షోకు కోసం కాదు, ఈ భయం వల్ల. బ్రేకులు మారిస్తే తప్ప పిల్లల్ని ఆ కారు ఎక్కించేది లేదని మా ఆవిడ ఖరాఖండిగా చెప్పింది. ఆవిడ మాటలో తప్పేమీ లేదు.

కిట్ బిగించి, లైన్లలో గాలి తీసి, ఇంటి చుట్టుపక్కల వీధుల్లో నెమ్మదిగా తిప్పి చూశాను. పెడల్ గట్టిగా, బాగానే ఉంది. ఆగస్టులో వుడ్‌వార్డ్ అవెన్యూ మీద జరిగే పాత కార్ల సందడికి ఈ ఏడాదైనా మా బండి వెళ్తుందనుకున్నాం. తరువాత మొదటిసారి హైవే ఎక్కించాను. కాసేపటికి యాక్సిలరేటర్ ఎంత తొక్కినా బండి బరువుగా లాగుతోంది. ముందు నుంచి కాలిన వాసన. పక్కకు తీసి దిగి చూస్తే రెండు ముందు చక్రాల దగ్గరా పొగ. హబ్బుల్లోని గ్రీజు కరిగి రిమ్ముల మీదికి కారుతోంది. బండిలో ఎప్పుడూ పెట్టుకునే ఫైర్ ఎక్స్‌టింగ్విషర్ చేతిలో పట్టుకుని, అది వాడే అవసరం రాకూడదని దండం పెట్టుకుంటూ నిలబడ్డాను. చల్లారాక టో ట్రక్కు మీద ఇంటికి తెచ్చాను.

ఇక్కడి నుంచి దయచేసి జాగ్రత్తగా చదవండి. మీ టెక్నికల్ విభాగం "ఇన్‌స్టలేషన్ లోపం" అని ఒక్క ముక్కలో తేల్చిన విషయం ఇదే.

ముందు చక్రాలు జాకీల మీద లేపి తిప్పితే, బలం పెడితే తప్ప తిరగలేదు. మా నాన్నగారు ఆర్టీసీ డిపోలో మెకానిక్‌గా రిటైరయ్యారు. వీడియో కాల్‌లో చూపిస్తే, "ఒరే, ముందు బ్లీడర్ వదులు చేసి చూడు. చక్రం వదిలితే రోగం నూనెలో ఉంది, వదలకపోతే ఇనుములో ఉంది" అన్నారు. బ్లీడర్, అంటే లైన్లలో గాలి తీసే చిన్న స్క్రూ, వదులు చేయగానే బ్రేక్ ఆయిల్ చిమ్మింది, చక్రం తేలిగ్గా తిరిగింది. అంటే ప్యాడ్లను రోటర్‌కు నొక్కే క్యాలిపర్ పట్టేయలేదు, పిన్నులు బిగుసుకోలేదు. పెడల్ వదిలాక కూడా లైన్‌లో ఒత్తిడి నిలబడి ఉంది.

పెడల్‌ను సిలిండర్‌కు కలిపే పుష్‌రాడ్ పొడవు ఎక్కువై లోపలి పిస్టన్‌ను తోస్తూ ఉంటే కూడా ఇలా జరగవచ్చు. మీవాళ్లు అన్నది కూడా అదే. అందుకే మళ్లీ బ్రేక్ తొక్కి వదిలి, మాస్టర్ సిలిండర్ నట్లు వదులు చేసి, సిలిండర్‌ను ముందుకు జరిపాను. పుష్‌రాడ్‌కూ పిస్టన్‌కూ మధ్య ఖాళీ కళ్లకు కనిపిస్తోంది, చక్రాలు మాత్రం వదల్లేదు. ఆ తరువాత ముందు బ్రేకుల పైపును సిలిండర్ దగ్గరే కాస్త విప్పాను. చక్రాలు రెండూ వదిలేశాయి. హోసు లోపల మూసుకుపోయి ఉంటే పైన విప్పినంత మాత్రాన చక్రం వదలదు. కాబట్టి హోసులు కావు, పైపులు కావు, పుష్‌రాడ్ కాదు. మిగిలింది సిలిండర్‌కు పైపు బిగించే రంధ్రం, అంటే పోర్టు ఒక్కటే.

పోర్టులోని ఇత్తడి సీటు తీసి చూస్తే అడుగున చిన్న స్ప్రింగు, దాని మీద రబ్బరు వాల్వు. రెండో పోర్టులోనూ అంతే. ఇది డ్రమ్ బ్రేకుల కోసం పెట్టే రెసిడ్యువల్ వాల్వు. పెడల్ వదిలాక కూడా లైన్‌లో సుమారు 10 పీఎస్ఐ (చదరపు అంగుళానికి 10 పౌండ్లు) ఒత్తిడి నిలబెట్టడం దాని పని. వీల్ సిలిండర్లలోని రబ్బరు కప్పులు గోడను వదలకుండా, లోపలికి గాలి పోకుండా అది కాపాడుతుంది. డ్రమ్ బ్రేకు షూలను వెనక్కి లాగే గట్టి స్ప్రింగులుంటాయి కాబట్టి ఆ ఒత్తిడి వాటికి ఒక లెక్క కాదు. డిస్కుకు అలాంటి స్ప్రింగులుండవు. పిస్టన్ చుట్టూ ఉన్న సీలు తొక్కినప్పుడు కాస్త మెలిపడి, వదిలినప్పుడు మళ్లీ సర్దుకుంటూ పిస్టన్‌ను వెనక్కి తీస్తుంది, అంతే. 10 పీఎస్ఐ నిలిచి ఉంటే ప్యాడ్లు రోటర్‌ను వదలవు. వేడెక్కుతూనే ఉంటాయి.

ముందు డిస్కు, వెనక డ్రమ్ము ఉన్న కారుకు ఈ వాల్వు వెనక పోర్టులో మాత్రమే ఉండాలి. మీ పెట్టె మీద, మీ కాగితం మీద "డిస్క్/డ్రమ్" అనే ఉంది. లోపల మీరు పెట్టింది డ్రమ్/డ్రమ్ సిలిండర్. పై మూత తీస్తే రెండు గదులూ ఒకే సైజులో ఉన్నాయి. ప్యాడ్లు అరిగేకొద్దీ క్యాలిపర్లకు ఎక్కువ నూనె కావాలి కాబట్టి మామూలుగా డిస్కు వైపు గది పెద్దదిగా ఉంటుంది. ప్యాక్ చేసేవాళ్లెవరైనా మూత ఎత్తి చూసి ఉంటే అక్కడే అనుమానం వచ్చేది.

తప్పు సామాను రావడం ఎవరి వ్యాపారంలోనైనా జరుగుతుంది. దానికే అయితే ఇంత పెద్ద ఉత్తరం రాసేవాణ్ణి కాదు. నాకు కోపం తెప్పించింది మీ జవాబులు.

ప్రొఫెషనల్ మెకానిక్‌తో బిగించలేదు కాబట్టి వారంటీ వర్తించదన్నారు. మీ ప్రకటనలో "ఇంటి గ్యారేజీలో, మామూలు పానాలతో, ఒక్క వారాంతంలో బిగించుకోవచ్చు" అని బొమ్మలతో సహా ఉంది. కిట్‌తో వచ్చిన వారంటీ కాగితంలో మెకానిక్ ఊసే లేదు. వారంటీ షరతులేవో కొనకముందే స్పష్టంగా తెలిసేలా ఉండాలని 1975 నాటి మాగ్నసన్-మాస్ చట్టం చెబుతోంది. ఫిర్యాదు వచ్చాక కొత్త షరతు పుట్టించడం కుదరదు.

బ్రేక్ ఆయిల్ పోశారు కాబట్టి అది వాడిన సామాను, వాపసు తీసుకోం అన్నారు. ఆయిల్ పోయకుండా బ్రేకు పనిచేస్తోందో లేదో ఎలా తెలుస్తుంది? అన్నంలో రాళ్లొచ్చాయని బియ్యం వెనక్కి తీసుకెళ్తే, వండేశారు కదా అన్నట్టుంది.

ఇక మూడోది, కారు "మార్పులు చేసినది" కాబట్టి బాధ్యత మాది కాదన్నారు. డ్రమ్ములు తీసి డిస్కులు పెట్టడమే మార్పు. మీరు అమ్మేదే మార్పు! ఈ బండికి నేను చేసిన మిగతా పనులు కూడా దాచలేదు, మొదటి ఉత్తరంలోనే రాశాను. ఈ మస్టాంగులకు అద్దం కింద గాలి లోపలికి వచ్చే పెట్టెలాంటి భాగం తుప్పు పడుతుంది, వాన పడితే డ్రైవరు కాళ్ల మీద నీళ్లు. దాన్ని స్పాట్ వెల్డులు ఒక్కొక్కటీ డ్రిల్లు చేసి ఊడదీసి కొత్తది పెట్టాను. ఫ్లోర్ రేకులు మార్చాను. పాయింట్ల బదులు ఎలక్ట్రానిక్ ఇగ్నిషన్ పెట్టాను. వీటిలో ఏది ముందు బ్రేకులో 10 పీఎస్ఐ నిలబెడుతుందో మీ ఇంజనీరు రాసిస్తే చదివి నేర్చుకుంటాను.

చివరికి మీరిచ్చిన ఆఫరు, సామాను వాపసు తీసుకున్నందుకు 20 శాతం రీస్టాకింగ్ ఫీజు కోసుకుని మిగతాది స్టోర్ క్రెడిట్. వద్దు. మీ దగ్గర ఇంకో బ్రేకు సామాను కొనే ధైర్యం నాకు లేదు.

ఇదంతా విప్పుతున్నప్పుడే ఇంకొకటి బయటపడింది. నా దృష్టిలో ఇది మాస్టర్ సిలిండర్ కన్నా పెద్ద విషయం. కిట్‌తో వచ్చిన రెండు రబ్బరు హోసుల మీదా ఏ ముద్రా లేదు. అమెరికాలో రోడ్డు మీద తిరిగే వాహనాలకు అమ్మే బ్రేకు హోసు మీద ఫెడరల్ స్టాండర్డ్ 106 ప్రకారం డాట్ (అమెరికా రవాణా శాఖ) అక్షరాలు, తయారీదారు గుర్తు, తయారైన తేదీ, సైజు ఉండాలి. మీరు పంపిన వాటి మీద రబ్బరు నలుపు తప్ప ఏమీ లేదు. అవి ఎవరు చేశారో, ఎంత ఒత్తిడి తట్టుకుంటాయో మీకైనా తెలుసా? తెలిస్తే ఆ కాగితాలు నాకు పంపండి. మిషిగన్‌లో సొంత కార్లకు ఏటేటా బ్రేకు తనిఖీలు లేవు. ఇలాంటి హోసు పగిలేదాకా ఎవరి కంటా పడదు.

(ఒక అడాప్టర్ నట్టు కూడా కిట్‌లో తక్కువొచ్చింది. ఊళ్లో కొనుక్కున్నాను. దాని గురించి అడగడం లేదు.)

నేను కోరేది ఇది. కిట్ పూర్తి ధర, షిప్పింగుతో సహా, నా క్రెడిట్ కార్డుకే వాపసు రావాలి. నీలం తిరిగిన రోటర్లు, మాడిన ప్యాడ్లు కిట్‌లోవే కాబట్టి అవి అందులోకే వస్తాయి. వేడికి పాడైన వీల్ బేరింగులు, గ్రీజు సీళ్లు నేను విడిగా కొన్నవి. వాటి ఖర్చు, టో ట్రక్కు ఖర్చు వేరుగా చెల్లించాలి. బిల్లులు జత చేశాను. నా చాకిరీకి డబ్బు అడగడం లేదు.

అంతకన్నా ముఖ్యం, ఇదే బ్యాచ్ కిట్ కొన్న మిగతావాళ్లకు వెంటనే కబురు చేయండి. 1966లో ఫోర్డ్ ఆరు లక్షలకు పైగా మస్టాంగులు అమ్మింది. ఇవాళ్టికీ గ్యారేజీల్లో బోలెడు ఉన్నాయి, మీ కిట్ కొనేవాళ్లు వాటి యజమానులే. అందరూ నాలా పోర్టు విప్పి చూడరు. కొత్త బ్రేకులు కాస్త బిగువుగా ఉంటాయిలే, అవే సర్దుకుంటాయని నడిపేస్తారు. భద్రతకు సంబంధించిన లోపం ఉందని తేల్చుకున్నాక తయారీదారు గానీ దిగుమతిదారు గానీ ఐదు పని దినాల్లో జాతీయ హైవే భద్రతా సంస్థకు తెలపాలి. మీ లీగల్ విభాగానికి ఇది తెలియనిది కాదు.

ఆ సంస్థకు నా వంతు ఫిర్యాదు నేను ఎలాగూ పంపుతున్నాను. మీరు డబ్బు తిరిగిచ్చినా, ఇవ్వకపోయినా అది ఆగదు. డబ్బు సంగతికి మాత్రం ఈ ఉత్తరం అందిన రెండు వారాలదాకా చూస్తాను. ఆ తరువాత కార్డు బ్యాంకులో డిస్ప్యూట్ వేస్తాను, మిషిగన్ అటార్నీ జనరల్ కార్యాలయంలోని వినియోగదారుల విభాగానికి రాస్తాను, అవసరమైతే స్మాల్ క్లెయిమ్స్ కోర్టుకు వెళ్తాను.

మాస్టర్ సిలిండర్‌ను, హోసులను మీరు అడిగినా ఇప్పుడే పంపను. సాక్ష్యంగా అవి నా దగ్గరే ఉండాలి. రెండు పోర్టుల ఫొటోలు, వాల్వుల ఫొటోలు, బ్లీడర్ వదులు చేసినప్పటి వీడియో, పెట్టె మీది లేబుల్, మీ ప్రకటన కాపీ, మీ జవాబులన్నీ జత చేశాను. మీ ఇంజనీరు ఎవరైనా స్వయంగా చూస్తానంటే ఏ శనివారమైనా రావచ్చు. కారు ఇంకా జాక్ స్టాండ్ల మీదే ఉంది. ఇకమీదట జవాబు ఫోన్లో వద్దు, రాతపూర్వకంగా, బాధ్యత గల అధికారి పేరుతో పంపండి.

ఇట్లు,
మీ కస్టమర్
(పేరు, ఆర్డర్ నంబరు జత చేసిన ఫారంలో ఉన్నాయి. కారు నంబరు కూడా ఉంది, 11 అక్షరాలే.)