చట్టం చెప్పిన పనికి శాలువాలా?

సంపాదకులకు నమస్కారం.

గత వారం మీ జిల్లా పేజీలో 'స్వచ్ఛందంగా చెత్త తగ్గించిన వారికి సత్కారం' అన్న వార్త, దాని కింద శాలువాల ఫొటో చూశాం. నాలుగు అపార్టుమెంట్లు, రెండు కల్యాణ మండపాలు, ఒక హోటలు. ఎవరెన్ని కిలోలు తగ్గించారో మాత్రం వార్తలో లేదు. మీ విలేకరి అడగలేదనుకోను. తూచిన వాళ్లుంటేగా అంకె చెప్పడానికి! యాభై ఇళ్ల అపార్టుమెంటులో రోజుకు పాతిక ముప్పై కిలోల తడి చెత్త వస్తుంది. కూరగాయల కాటా మీద వారం రోజులు తూచి పుస్తకంలో రాసుకుంటే తగ్గిందో పెరిగిందో తెలిసిపోతుంది.

అసలు ఇందులో స్వచ్ఛందం ఏముంది? అయిదు వేల చదరపు మీటర్లు దాటిన గేటెడ్ కాలనీలు, సంస్థలు, అలాగే హోటళ్లు ఏడాదిలోగా చెత్త వేరుచేయాలనీ, వీలైనంత వరకు తడి చెత్తను తమ ఆవరణలోనే ఎరువు చేసుకోవాలనీ కేంద్రం 2016లో తెచ్చిన ఘన వ్యర్థాల నిబంధనల్లోనే చెప్పారు. లైసెన్సు లేని చోట షామియానా వేసి వందమందికి మించి పిలిస్తే మూడు పనిదినాల ముందే మునిసిపాలిటీకి చెప్పాలనీ అప్పుడే రాశారు. ఎవరు చెప్పారు, ఎవరు అడిగారు? ఈ లెక్కన రేపు ఆస్తిపన్ను కట్టినవాళ్లకీ శాలువాలు కప్పాలి.

ఇక ఎరువు తొట్లు. చాలాచోట్ల సిమెంటుతో కట్టేసి చేతులు దులుపుకున్నారు. పక్కల గాలికి కంతలుండవు, అడుగున నీరు పోయే దారి ఉండదు, పైన రేకు ఉండదు. రెండు వానలు పడగానే కంపు, పురుగులు, పై అంతస్తువాళ్ల గొడవ, చివరికి తాళం. అడుగున జానెడు మందాన ఎండుకొమ్మలు, కొబ్బరి డొక్కలు పరవాలి. రోజూ వేసే తడి చెత్త మీద దాదాపు అంతే ఎండుటాకులో కొబ్బరిపొట్టో కప్పాలి. మొదట్లో కాస్త పేడనీళ్లో పుల్లమజ్జిగో చల్లి, వారానికోసారి కలియబెట్టాలి. పిడికిట్లో పట్టి పిండితే చేతికి తడి తగలాలి గానీ నీళ్లు కారకూడదు. ఒక తొట్టి నిండాక నలభై యాభై రోజులు వదిలేసి రెండోది వాడుకోవాలి. మిగిలిన సాంబారు వడకట్టి గట్టిదే వేయాలి. పాలప్యాకెట్ మూల పూర్తిగా తెంచకుండా కోయాలి, తెగిపడితే ఎరువులో చివరిదాకా మిగిలిపోయేవి ఆ ముక్కలే. లక్షలు పోసి కొనే '24 గంటల్లో ఎరువు' యంత్రాల్లో చాలావరకు చెత్తను వేడిచేసి ఎండబెట్టి పొడి చేస్తాయి, అంతే. ఆ పొడికి నీళ్లు తగిలితే మళ్లీ కుళ్లు మొదలు. పైగా కరెంటు బిల్లు.

మండపాల్లో అరటాకు పోయింది. అడ్డాకు విస్తరి అని ఇచ్చేవాటిలోనూ కొన్నిటికి కింద ప్లాస్టిక్ పొర. పేపరు గ్లాసు లోపలా ప్లాస్టిక్ పూతే కాబట్టి అది ఎరువుకూ పనికిరాదు, పాత కాగితాలవాడూ తీసుకోడు. సిద్దిపేట జిల్లా పల్లెల్లో స్టీల్ బ్యాంకుల ద్వారా కంచాలు, గ్లాసులు ఇస్తున్నారు. మనవాళ్లు గ్లాసులు కొనిపించి ఊరుకుంటారు. కడగడానికి కుళాయి, వేడినీళ్లు, మనిషి లేకపోతే మూడో పెళ్లికి మళ్లీ పేపరు గ్లాసే. చెత్త కలిపేస్తే ఇంత కోత అని బుకింగ్ రసీదులోనే రాయించి డిపాజిట్ తీసుకోవచ్చుగా?

2021లో మన రాష్ట్రంలో క్లాప్ (క్లీన్ ఆంధ్రప్రదేశ్) పేరుతో మూడు రంగుల డబ్బాలు పంచి, నెలనెలా చెత్త పన్ను వసూలు చేశారు. పన్ను రద్దయింది, డబ్బాల్లో బియ్యం పోసుకుంటున్నారు. ఇప్పుడు ప్రతినెలా మూడో శనివారం స్వచ్ఛాంధ్ర శుభ్రత కార్యక్రమం. అధికారులు కొత్త చీపుర్లతో ఊడ్చే చోటును ముందురోజే ఎవరో ఊడ్చి ఉంచుతారు.

అన్నిటికన్నా మండేది ఇది. జనం కష్టపడి వేరుచేసి ఇచ్చిన తడి, పొడి రెండూ ఒకే ఆటోలో కలిసిపోతున్నాయి. ఇది ఒక్కసారి కళ్లారా చూసిన ఇల్లాలు మర్నాటి నుంచి వేరుచేయడం మానేస్తుంది, ఆమెను తప్పుపట్టలేం. పారిశుధ్య కార్మికుణ్ని తిట్టడమూ అన్యాయమే. బండిలో అడ్డుపలకే లేకపోతే అతనేం చేస్తాడు? ఒక రేకు, నాలుగు బోల్టులు, వెల్డింగు షాపులో ఓ పూట పని. శాలువాలు కప్పేవాళ్లు వచ్చే సత్కారసభ ఖర్చుతో ముందు ఆ పని చేయించాలి.

– ఒక పాత చందాదారు