స్నానాల గదికి తెలుపొక్కటే దారి కాదు

సంపాదకులకు నమస్కారాలు.

మీ ఆదివారం సంచికలో ఇంటి అలంకరణ గురించి వచ్చే శీర్షికను మా ఇంటిల్లిపాదీ చదువుతాం. చిన్న స్నానాల గదులకు తెలుపు గానీ, తెలుపును అంటిపెట్టుకుని ఉండే లేత రంగులు గానీ తప్ప మరేవీ నప్పవన్న సలహా అందులో తరచుగా కనిపిస్తోంది. ఆ సలహాను నమ్మి పదేళ్ళు తెల్ల రంగే వేయించిన మనిషిగా, దానితో నేనెందుకు ఏకీభవించలేకపోతున్నానో వివరించాలని ఈ ఉత్తరం రాస్తున్నాను. వెలుతురు తక్కువగా ఉండి, పెద్దవాళ్ళు వాడుకునే చిన్న గదికి ముదురూ లేతా కాని మధ్యరకం రంగే మేలని, అయితే దాన్ని రంగుల కొట్టులో కాక ఆ గదిలోనే నిలబడి ఎంచుకోవాలని నా అభిప్రాయం.

పెరంబూరులో మేము ఉంటున్న ఫ్లాటు కట్టి దాదాపు 40 ఏళ్ళు అవుతోంది. స్నానాల గది పొడవు 8 అడుగులు, వెడల్పు 5 అడుగులు. పగటి వెలుతురు వచ్చేది డక్టులోకి, అంటే ఇళ్ళ మధ్య గాలి కోసం వదిలిన ఇరుకు ఖాళీలోకి తెరుచుకునే చిన్న వెంటిలేటరు నుంచి మాత్రమే. నీళ్ళు పోసుకునే వైపు టైల్స్ ఉన్నాయి గానీ, వాష్‌బేసిన్ బిగించిన గోడ మామూలు సిమెంటు గోడ. చెన్నైలో ఇంటికి రంగు వేయించడాన్ని ఇప్పటికీ ‘వెళ్ళై అడిక్కిరదు’ అనే అంటారు, మనం ‘వెల్ల వేయించడం’ అన్నట్టే. సున్నం ఒక్కటే అందుబాటులో ఉన్న కాలం నాటి ఆ మాటలు మన ఆలోచనను కూడా తెలుపు దగ్గరే కట్టేశాయేమో అనిపిస్తుంది. పెయింటర్‌ను పిలిచి మరో రంగు పేరెత్తితే చాలు, గది ఇరుకుగా కనిపిస్తుందమ్మా అని వెంటనే అడ్డు చెబుతారు.

మా అత్తగారికి 82 ఏళ్ళు. రెండు కళ్ళలోనూ శుక్లాలు ఉన్నాయి. తెల్ల గోడకు ఆనించి ఉన్న తెల్ల బేసిన్ అంచు ఆవిడకు కనిపించేది కాదు. ఉదయం నోరు పుక్కిలించి స్టీలు గ్లాసును అంచు మీద పెట్టబోయి, అంచుకు రెండంగుళాలు ఇవతలే చెయ్యి వదిలేసేవారు. ఆ చప్పుడు విని మేము పరుగెత్తేవాళ్ళం. గ్లాసు పోతే పోయింది, ఆవిడ తూలి పడతారేమోనన్నదే మా భయం. కొన్నాళ్ళకు ఆవిడే ఒక పద్ధతి అలవాటు చేసుకున్నారు. ఎడమచేత్తో గోడను తడుముకుంటూ కిందికి దించి, పింగాణీ చల్లదనం వేళ్ళకు తగిలాక అక్కడ గ్లాసు పెట్టేవారు. తన చూపు పూర్తిగా పోయిందని ఆవిడ అనుకున్నారు. గోడకు రంగు మారిన మర్నాడు గ్లాసు నేరుగా అంచు మీద పెట్టి, ఇంతకాలం ఇది కనిపించలేదేమిటే అని నన్నడిగారు. అప్పటికి ఆపరేషన్ ఇంకా కాలేదు.

దీనికి కారణం రంగుల లెక్కలోనే ఉంది. ఏ రంగైనా తన మీద పడిన వెలుతురులో ఎంత భాగాన్ని తిరిగి పంపుతుందో చెప్పే అంకెను ఎల్‌ఆర్‌వీ అంటారు. నలుపుకు 0, సంపూర్ణమైన తెలుపుకు 100. కొన్ని కంపెనీలు షేడ్ కార్డులోనే ఈ అంకెను అచ్చువేస్తాయి, లేకపోతే కొట్టులో అడిగి తెలుసుకోవచ్చు. మామూలు తెల్ల పెయింటు 85కు అటూ ఇటూ ఉంటుంది, తెల్ల పింగాణీ సామాను కూడా ఇంచుమించు అంతే. చూపు మందగించినవారికి ఒక వస్తువు దాని వెనుకనున్న గోడ నుంచి విడిగా కనిపించాలంటే రెండింటి మధ్య 30 పాయింట్ల తేడా ఉండాలని బ్రిటన్‌లో భవనాల ప్రమాణాలు సూచిస్తాయి. ఆ లెక్కన గోడ 55కు దిగువన ఉండాలి. మరీ 20కి దిగితే మా వెంటిలేటరు వెలుతురుకు గది చీకటి గుయ్యారమవుతుంది. అందుకే 40 నుంచి 55 మధ్యనున్న రంగులనే నేను మధ్యరకం అంటున్నాను.

ఆ రంగును ఎంచుకోవడంలో మొదటిసారి నేను పొరపాటు చేశాను. కొట్టులోని తెల్లని ఎల్‌ఈడీ వెలుతురులో షేడ్ కార్డు మీద హాయిగా కనిపించిన గంధం రంగును కలిపించి తెచ్చాను. దీపం కాంతి పసుపుగా ఉంటుందో తెల్లగా ఉంటుందో కెల్విన్ల అంకె చెబుతుంది, అంకె తక్కువైతే పసుపు. మా స్నానాల గదిలో ఉన్నది పసుపు కాంతినిచ్చే 2700 కెల్విన్ల బల్బు. దాని కింద గోడంతా కాఫీ ఒలికి ఆరిపోయినట్టు కనిపించింది. యంత్రంలో కలిపిన రంగును కొట్టువాళ్ళు వెనక్కి తీసుకోరు, అందులో వాళ్ళ తప్పేమీ లేదు. కొట్టులో సాధారణంగా ఉండేది 6500 కెల్విన్ల తెల్లని కాంతి. అక్కడ చూసిన రంగు, ఇంటికి తెచ్చాక చూసే రంగు ఒకటి కావు.

రెండోసారి చిన్న డబ్బా మాత్రం కొని, రెండడుగుల చదరపు అట్టకు రెండు పూతలు వేసి, బేసిన్ పక్కన నిలబెట్టి మూడు రోజులు చూశాను. ఉదయం ఏడింటికి, మధ్యాహ్నం, రాత్రి దీపం వేశాక. ఎమల్షన్ తడిగా ఉన్నప్పుడు పాలు కలిసినట్టు లేతగా ఉండి ఆరాక కాస్త ముదురుతుంది కాబట్టి ఆ మొదటి గంటలో ఏమీ తేల్చుకోకూడదు. ఇరుకు గదిలో ఒక గోడ రంగు ఎదుటి గోడ మీద పడి, మళ్ళీ తిరిగొచ్చి, కార్డులో కంటే గాఢంగా కనిపిస్తుంది. అందుచేత నచ్చిన దానికంటే ఒక మెట్టు లేతది తీసుకోవడం క్షేమం. డక్టు అవతల ఉన్న ఇంటి గోడ గులాబీ రంగుది కావడంతో మాకు మధ్యాహ్నం వచ్చే వెలుతురే కాస్త ఎర్రబారి ఉంటుందన్న సంగతి కూడా ఆ అట్టను చూస్తున్నప్పుడే నేను గమనించాను.

చివరికి బూడిద కలిసిన ఆకుపచ్చ కుదిరింది, ఎండిన జామాకు వెనుకవైపు ఉండే రంగు. బూడిద కలవని నిండు ఆకుపచ్చనూ చూశాను గానీ, అద్దంలో మొహం రోగిష్ఠిదానిలా కనబడి వదిలేశాను. పావురాయి రంగు, లేత ఇటుక రంగు కూడా ఇలాంటి గదులకు నప్పుతాయి. లేత నీలం విషయంలో మాత్రం పెద్దవాళ్ళను అడిగి చూడండి. వయసుతోపాటు కంటిలోని కటకం పసుపుబారడం వల్ల వాళ్ళకు నీలానికీ ఆకుపచ్చకూ తేడా సరిగా తెలియదు. మధ్యరకం రంగులో మరో సుఖం కూడా ఉంది. బోరు నీళ్ళ చిందులు ఆరితే మిగిలే ఉప్పు మరకలు ముదురు గోడ మీద తెల్లగా, దుమ్మూ చేతి మరకలూ తెల్ల గోడ మీద నల్లగా తేలతాయి. దీని మీద రెండూ అంతగా కళ్ళకు గుచ్చుకోవు.

పైకప్పును మాత్రం నేను తెల్లగానే ఉంచాను. బూజు మొదలైతే ముందు అక్కడే కనిపిస్తుంది కాబట్టి దాన్ని రంగుతో కప్పిపుచ్చకూడదు. గోడలో చెమ్మ ఉంటే ఏ రంగూ నిలవదు. పైపు బాగు చేయించి, గోడ పూర్తిగా ఆరాకే లప్పం, ప్రైమరు వేయించాలి. కడగడానికి వీలుండి, కొద్దిగా మాత్రమే మెరిసే ఎమల్షన్ చాలు, బాగా మెరిసేదైతే దీపం ప్రతిబింబించి పెద్దవాళ్ళ కళ్ళు మిరుమిట్లు గొలుపుతాయి.

మీ శీర్షికలో రంగుల ఫొటోలు వేసేటప్పుడు ఆ గదికి కిటికీ ఎంత ఉందో, అక్కడ ఎన్ని కెల్విన్ల దీపం వెలుగుతోందో, ఆ రంగు ఎల్‌ఆర్‌వీ ఎంతో ఒక్క వాక్యంలో రాయించవలసిందిగా కోరుతున్నాను. పండగల ముందు రంగులు వేయించే నెలలు దగ్గరపడేలోగా, పెద్దవాళ్ళున్న ఇళ్ళ స్నానాల గదుల గురించి ప్రత్యేకంగా ఒక వారం కేటాయిస్తే నాలాంటి పాఠకులకు చాలా ఉపకారమవుతుంది.

ఇట్లు,
ఒక పాఠకురాలు,
పెరంబూరు, చెన్నై.