ఒకే సంవత్సరం: 1921

గౌరవనీయులైన తల్లిదండ్రులకు నమస్కారం.

సహాయ నిరాకరణ ఉద్యమం పాఠ్యపుస్తకంలో కొద్ది పేజీలలోనే ముగిసిపోతుంది కనుక, మా సాంఘికశాస్త్ర ఉపాధ్యాయులు ఈసారి 1921 అనే ఒక్క సంవత్సరాన్ని తీసుకొని, ఆ ఏడాది దేశంలో ఏం జరిగిందో తొమ్మిదో తరగతి విద్యార్థులచేత నెలలవారీగా రాయిస్తున్నారు. పరీక్షకు రాని విషయాలకు ఇంత సమయమెందుకని కొందరు అడిగారు. అడగవలసిన ప్రశ్నే.

మార్చి 31, ఏప్రిల్ 1 తేదీలలో బెజవాడలో సమావేశమైన అఖిల భారత కాంగ్రెస్ కమిటీ, తిలక్ స్వరాజ్య నిధికి కోటి రూపాయలు పోగుచేయాలని, కోటి మంది సభ్యులను చేర్చాలని, 20 లక్షల రాట్నాలు తిరిగేలా చూడాలని తీర్మానించింది. పింగళి వెంకయ్య గారు జెండా నమూనాను గాంధీజీకి అందించినదీ ఆ సందర్భంలోనే. ఇవి పిల్లలు కంఠస్థం చేసినవే. వారిని నిజంగా ఆలోచింపజేసినది చీరాల.

చీరాల, పేరాలలను కలిపి ప్రభుత్వం మునిసిపాలిటీ చేయడంతో, ఏడాదికి సుమారు 4,000 రూపాయలుగా ఉన్న పన్ను 40,000 వరకు పెరిగింది. నేతపని మీద బతికేవారు అధికంగా ఉన్న ఆ ఊరు అంత కట్టలేమని మొరాయించింది. ఏప్రిల్ 6న అక్కడికి వచ్చిన గాంధీజీ, ఊరు విడిచి వెళ్లడం ఒక మార్గమని, అయితే కాంగ్రెస్ ధనసహాయం కోసం ఎదురుచూడకుండా సొంత బలంతోనే వెళ్లాలని చెప్పారు. దుగ్గిరాల గోపాలకృష్ణయ్య గారి నాయకత్వంలో, సుమారు 15,000 జనాభాలో 13,000 మందికి పైగా మునిసిపల్ హద్దు దాటి వెళ్లి, రామనగర్ అని పేరు పెట్టుకున్న చోట పాకలు వేసుకొని, ఎండకూ వానకూ ఓర్చి దాదాపు పదకొండు నెలలు గడిపారు. దుగ్గిరాల వారు జైలుకు వెళ్లారు, చేతిలో డబ్బు అయిపోయింది, జనం తిరిగి ఇళ్లకు చేరారు, మునిసిపాలిటీ మాత్రం అలాగే ఉండిపోయింది. వారు గెలిచినట్టా, ఓడినట్టా అన్న చర్చ రెండు పీరియడ్లు సాగినా తేలలేదు. తేల్చకుండా వదిలిన ఉపాధ్యాయులను నేను సమర్థిస్తున్నాను.

ప్రధానోపాధ్యాయుడిగా నన్ను కాస్త ఇరుకున పెట్టిన ప్రశ్న మరొకటి ఉంది. ప్రభుత్వ పాఠశాలలను బహిష్కరించమన్న పిలుపు విని బడి మానేసిన పిల్లలు తరువాత ఏమయ్యారని ఒక విద్యార్థిని అడిగింది. కొందరు జాతీయ విద్యాసంస్థలలో చేరారు; కాశీ విద్యాపీఠం ఆ ఏడాదే మొదలైంది, మన బందరులో ఆంధ్ర జాతీయ కళాశాల 1910 నుంచే ఉంది. ఉద్యమం చల్లబడ్డాక చాలామంది పాత బడులకే తిరిగి వెళ్లారు. ఈ రెండు మాటలూ చెప్పాను, రెండోది దాచలేదు.

మీ ఇళ్లలో ఆనాటి ఫొటో, పన్ను రసీదు, ఉత్తరం వంటివి ఉంటే, పిల్లల ప్రదర్శన కోసం నకలు తీయించి పంపగలరు. రాట్నమైతే ముందుగా కార్యాలయంలో చెప్పండి, జాగ్రత్తగా తెప్పించుకొని, ప్రదర్శన ముగియగానే తిరిగి అందజేస్తాము.

భవదీయుడు,
ప్రధానోపాధ్యాయుడు